చిన్నమ్మ పేరు ఏ గడిలో రాయాలి?

పోయిన జూన్‌లో ఒక సాయంత్రం మా చిన్నమ్మ వాళ్ళ అరుగు మీద కూర్చుని, నేను తయారుచేసిన దరఖాస్తు ఆమె చేతికిచ్చాను. నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్ళో ఆమె నడిపే చదువుల గదికి ఒక కంపెనీ సామాజిక బాధ్యత నిధి నుంచి గ్రాంటు అడుగుతూ రాసిన దరఖాస్తు అది. పద్నాలుగు పేజీలు. పంపాల్సింది ఇంగ్లీషులోనే. కానీ మహిళా సంఘం కార్యదర్శిగా సంతకం పెట్టేది ఆమె కాబట్టి మొత్తం తెలుగులో కూడా రాసుకెళ్ళాను. చిన్నమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని గీత వెంట గీత వేలు పెట్టి చదివింది. గంట పట్టింది. చివరి పేజీ అయ్యాక మళ్ళీ వెనక్కి తిప్పింది.

"నన్ను యాడ రాసినావు పాపా?" అంది.

చూపించాను. బడ్జెట్ పట్టికలో రెండు వరసలున్నాయి. ఒకటి 'నిధి నుంచి కోరుతున్న మొత్తం'. రెండోది 'సంస్థ వాటా'. మొదటి వరసలో పుస్తకాలు, ఇనప రాకులు, బల్లలు, ఒక కంప్యూటరు, రెండు ఫ్యాన్లు. రెండో వరసలో మేము కూడా ఎంతో కొంత పెడుతున్నట్టు చూపించాలి. సంఘం దగ్గర డబ్బు లేదు. ఇలాంటి దరఖాస్తులు రాసే అలవాటున్న వాళ్ళందరికీ తెలిసిన ఉపాయమే నేనూ వాడాను. చిన్నమ్మ రోజుకు మూడు గంటలు గది తెరిచి కూర్చోవడాన్ని 'స్వచ్ఛంద సేవ' అని రాసి, గంటకు 100 రూపాయల లెక్కన నెలకు 7,800, ఏడాదికి 93,600 రూపాయలని కట్టి సంస్థ వాటా కింద వేశాను.

చిన్నమ్మ ఆ అంకెను చాలాసేపు చూసింది.

"అంటే నా పనికి ఏడాదికి తొంభై మూడు వేల ఖరీదుంది. అది వాళ్ళకు నేనే ఇస్తా వుండా. అంతేగా?"

అంతే. ఆమె చేసే పనికి మొట్టమొదటిసారి ఎవరో ధర కట్టారు. కట్టింది నేను. ఆ ధరను ఆమె చేతే చెల్లింపజేసిందీ నేనే. స్త్రీల వేతనం లేని చాకిరీ గురించి సెమినార్లలో పత్రాలు చదివినదాన్ని, ఆ పట్టిక నింపేటప్పుడు నా చెయ్యి ఒక్కసారైనా ఆగలేదు. ఆ సాయంత్రం నుంచి నన్ను వదలని విషయం అదే. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు మా ఇంటి కథ కొంత చెప్పాలి. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం 'అక్షరదీపం' పేరుతో మొదలైనప్పుడు చిన్నమ్మకు పంతొమ్మిదేళ్ళు. పదో తరగతి పాసయి ఇంట్లో వుంది. పై చదువుకు పంపలేదు. ఊళ్ళో రాత్రి బడి పెడతాం, వాలంటీర్లు కావాలని దండోరా వేశారు. చిన్నమ్మ చేరింది. ముప్ఫై మంది ఆడవాళ్ళు, ఒక పెట్రోమాక్స్ లైటు, పలకలు. అందరూ పగలంతా నాట్లకో కలుపుకో పోయి వచ్చినవాళ్ళే. వాళ్ళలో మా అవ్వ కూడా వుంది. అంటే చిన్నమ్మ తన కన్నతల్లికే అక్షరాలు దిద్దించింది. నాకప్పుడు రెండేళ్ళు. అవ్వ నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని పలక మీద రాసేదని మా అమ్మ చెప్పేది. అవ్వ పోయేదాకా సంతకం పెట్టేటప్పుడు నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి రాసేది. ఆ సంతకం నేర్పినందుకు చిన్నమ్మకు ఎవరూ పైసా ఇవ్వలేదు. వాలంటీర్లకు డబ్బులివ్వకూడదన్నది ఆ ఉద్యమం పెట్టుకున్న నియమం. పలకలకూ వాచకాలకూ జీపులకూ కేంద్రం, రాష్ట్రం నిధులిచ్చాయి. చదువు చెప్పే మనిషి మాత్రం ఉచితం.

ఆ రాత్రి బడుల నుంచి ఏం వచ్చిందో ఈ పత్రిక చదివే మీకు చెప్పక్కర్లేదు. దూబగుంట ఆడవాళ్ళు సారాను అడ్డుకున్న కథ జిల్లా అంతా పాకి, 1992లో సారా వేలంపాటల్ని ఆపింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం తెచ్చింది. దాని మీద మనం వ్యాసాలు రాశాం, సంకలనాలు వేశాం. నేను పిహెచ్.డి. కూడా చేశాను. నవసాక్షరుల వాచకాల్లో స్త్రీల కథనాలు నా అంశం. 2014 చివర్లో మొదలుపెట్టాను. జె.ఆర్.ఎఫ్. వచ్చింది. నెలకు 25,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత 28,000. హాస్టల్ గదిలో కూర్చుని, చిన్నమ్మ పెట్టెలో దాచిన పాత వాచకాలను తెచ్చుకుని, వాటిలోని సీతమ్మల గురించీ లక్ష్మమ్మల గురించీ రాశాను.

సరిగ్గా అదే కాలంలో చిన్నమ్మ సాక్షర భారత్‌లో గ్రామ కోఆర్డినేటరు. ఆ పథకాన్ని 2009 సెప్టెంబరులో ప్రారంభించారు. స్త్రీల అక్షరాస్యతే దాని ప్రధాన లక్ష్యమన్నారు. పంచాయతీకి ఒక వయోజన విద్యాకేంద్రం, దానికి ఇద్దరు కోఆర్డినేటర్లు, వాళ్ళలో ఒకరు తప్పనిసరిగా స్త్రీ. గౌరవ వేతనం నెలకు 2,000 రూపాయలు. అది కూడా నెలనెలా వచ్చేది కాదు. ఆరు నెలలదీ ఎనిమిది నెలలదీ కలిపి ఒకసారి పడేది. ఆ వాచకం చదివి విశ్లేషించినందుకు నాకు పాతిక వేలు. అలాంటి వాచకాలు పట్టుకుని మనుషులకు చదవడం నేర్పినందుకు ఆమెకు రెండు వేలు. నా థీసిస్‌లో రెండు వందల డెబ్బై పేజీలున్నాయి. ఈ రెండు అంకెలూ ఒక్క పేజీలో కూడా పక్కపక్కన లేవు. ముందుమాటలో కృతజ్ఞతలు మాత్రం వున్నాయి. 'నాకు మొదటి గురువు మా చిన్నమ్మకు' అని.

2018 మార్చి 31తో సాక్షర భారత్ ముగిసింది. కోఆర్డినేటర్లను ఇళ్ళకు పొమ్మన్నారు. కేంద్రం తాళంచెవి అడగడానికి ఎవరూ రాలేదు కాబట్టి అది చిన్నమ్మ దగ్గరే వుండిపోయింది. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఆమె ఆ గది తీస్తూనే వుంది. బ్యాంకు కాగితాలు చదివించుకోవడానికి వచ్చే ముసలివాళ్ళు, వారపత్రిక సీరియల్ కోసం వచ్చే కోడళ్ళు, ఇంట్లో చోటులేక పోటీ పరీక్షలకు అక్కడ కూర్చుని చదువుకునే ఆడపిల్లలు. దినపత్రికకు తన డబ్బే కడుతుంది. కరెంటు పంచాయతీది. పుస్తకాలు పాత పథకంవి, నేను మోసుకెళ్ళినవి. ఎవరూ పెట్టమనని, ఎవరూ మూయమనని ఒక గ్రంథాలయం అలా ఏడేళ్ళుగా నడుస్తోంది.

దానికి కాస్త ఆసరా దొరుకుతుందేమోనని నేను గ్రాంట్ల వేటలో పడ్డాను. ఆ వేటలో తెలుసుకున్నది ఇక్కడ చెప్తాను. మీలో ఎవరికైనా ఇలాంటి ఊరు, ఇలాంటి గది వుంటే పనికొస్తుంది.

నిజానికి గ్రాంటు కన్నా ముందు చూడాల్సింది మన ఇంటి పన్ను రసీదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా అదే చట్టాన్ని కొనసాగించింది. పంచాయతీలూ మునిసిపాలిటీలూ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలైన సెస్సు అక్కడికి చేరకుండా ఏళ్ళ తరబడి బకాయిగా వుండిపోవడం తరచూ పేపర్లో చూసే వార్తే. చిన్నమ్మ ఇంటి పన్ను రసీదులో కూడా ఆ సెస్సు వుంది. తాను నడిపే గది కోసం ఆమె కంపెనీని అడుక్కుంటోంది గానీ, గ్రంథాలయం కోసం ఆమె ఏటా ప్రభుత్వానికి డబ్బు కడుతూనే వుంది. ఇది ఆమెకు నేను చెప్పేదాకా తెలీదు. నాకు దరఖాస్తు రాసేదాకా తెలీదు.

రెండోది కలకత్తాలోని రాజా రామమోహన్‌రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద 1972లో ఏర్పడింది. రాష్ట్ర ప్రభుత్వం తన వాటా కలిపితే ఇచ్చే పథకాలు కొన్ని, ఆ వాటా అవసరం లేకుండా ఇచ్చేవి కొన్ని. స్వచ్ఛంద సంస్థల గ్రంథాలయాలకూ పిల్లల విభాగాలకూ సాయం వుంది. పుస్తకాలు, రాకులు, బల్లలు, భవనం, కంప్యూటర్లు అడగొచ్చు. లైబ్రరీ తెరిచి కూర్చునే మనిషి జీతం మాత్రం ఆ జాబితాలో వుండదు.

మూడోది అక్షరాస్యత నిధి. 2022లో మొదలైన నవభారత అక్షరాస్యతా కార్యక్రమం, ఇప్పుడు 'ఉల్లాస్' అంటున్నారు, 2027 దాకా ఐదేళ్ళకు 1,037.90 కోట్ల రూపాయలు. అందులో కేంద్రానిది 700 కోట్లు. లక్ష్యం ఐదు కోట్ల మంది. ఈ పథకం పూర్తిగా స్వచ్ఛంద సేవ మీదే నడుస్తుందని దాని పత్రాల్లోనే రాసి వుంది. 1991లో వాలంటీరుకు ఏమీ లేదు. 2009లో 2,000 ఇచ్చారు. 2022కి వచ్చేసరికి మళ్ళీ ఏమీ లేదు. ముప్ఫై ఏళ్ళు నడిచి బయల్దేరిన చోటికే వచ్చాం.

నాలుగోది నేను పట్టుకున్న దారి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను కింద, పరిమితి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. ఏ పనులకు పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో 'పౌర గ్రంథాలయాల ఏర్పాటు' అని స్పష్టంగానే వుంది. అడిగే సంస్థ రిజిస్టరై వుండాలి, ఆదాయపు పన్ను మినహాయింపు కాగితాలుండాలి, 2021 ఏప్రిల్ నుంచి సి.ఎస్.ఆర్.-1 అనే ఫారం దాఖలు చేసి వుండాలి. ఆ కాగితాలన్నీ పోగేయడానికే నాకూ చిన్నమ్మకూ పది నెలలు పట్టింది.

అరుగు మీద ఆ సాయంత్రం తర్వాత నేను ఆ కంపెనీ నిధి చూసే అతనికి ఫోన్ చేశాను. గది నడిపే మనిషికి నెలకు 8,000 అడగొచ్చా అని. అతను మర్యాదగానే మాట్లాడాడు. "పుస్తకాలు, రాకులైతే పర్లేదు మేడం, ఒకసారి ఇచ్చేస్తాం, ఫోటో తీసుకోవచ్చు. జీతమంటే ఏటా ఇవ్వాలి కదా" అన్నాడు. పరిపాలనా ఖర్చు 5 శాతం మించకూడదని చట్టంలో వుందని కూడా అన్నాడు. తర్వాత నేను ఆ నియమాలు తీసి చదివాను. ఆ 5 శాతం పరిమితి, కంపెనీ తన సామాజిక బాధ్యత విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే సాధారణ ఖర్చుకు. ఒక ప్రాజెక్టు అమలుకు నేరుగా పెట్టే ఖర్చు అందులోకి రాదని 2021 సవరణలో రాశారు. అంటే చిన్నమ్మకు జీతం ఇవ్వకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. ఇవ్వకపోవడం అలవాటు, అంతే.

ఈ అలవాటు ఎక్కడిదా అని ఆలోచిస్తే మన దగ్గర 'సేవ' అన్న మాట కనిపిస్తుంది. 1914లో బెజవాడలో మొదటి గ్రంథాలయ మహాసభ పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య, 1935లో కాలవల మీద పడవ గ్రంథాలయం నడిపించిన పాతూరి నాగభూషణం సేవ చేశారు. నిజంగానే గొప్ప పని. దానికి వాళ్ళకు పేరు దక్కింది, బిరుదులు దక్కాయి, జయంతులు జరుగుతున్నాయి. రాత్రి బడుల్లో చదువు చెప్పిన వేలమంది చిన్నమ్మలది కూడా సేవే అన్నారు. వాళ్ళకు డబ్బు లేదు, పేరూ లేదు. ఆడదాని చదువు చెప్పే పని వంటపని లాగే ఆమె స్వభావంలోంచి ఊరికే వస్తుందనుకున్నారు. ఊరికే వచ్చేదానికి బడ్జెట్ ఎందుకు?

దాతలందరూ ఇలాగే వుంటారనుకోవడానికి లేదు. అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ డబ్బుతో 1883 నుంచి 1929 దాకా ప్రపంచంలో 2,509 గ్రంథాలయాలు లేచాయి. తన మిల్లు కార్మికుల సమ్మెను అణిచేసిన మనిషి అతను. అతని డబ్బు మాకొద్దన్న ఊళ్ళు కూడా వున్నాయి. కానీ అతని షరతు ఒకటుంది. భవనానికి నేనిస్తాను, ఊరు స్థలమివ్వాలి, పైగా నేనిచ్చినదాంట్లో పదోవంతు ఏటా నిర్వహణకు పన్నుల్లోంచి ఖర్చు పెడతామని మాటివ్వాలి. భవనం కట్టి వదిలేస్తే లైబ్రరీ కాదనీ, దానికి ఏటా డబ్బు కావాలనీ, అది ఊరి బాధ్యతనీ ఆ వ్యాపారికి అర్థమైంది. మన సెస్సు చట్టం ఉద్దేశమూ అదే.

నేను మళ్ళీ చిన్నమ్మ దగ్గరికెళ్ళాను. జీతం అడిగితే మొత్తం దరఖాస్తే కొట్టేస్తారేమో అని నా భయం. ఆ గదికి ఫ్యాన్లు కూడా లేవు. ఎండాకాలంలో పరీక్షలకు చదివే పిల్లలు చెమటతో పుస్తకం తడుపుకుంటారు. ఒక్క గీత కోసం వాళ్ళ పుస్తకాలు పోగొట్టడం న్యాయమా? ఈ ప్రశ్న ఆమెనే అడిగాను. అడిగాక అనిపించింది, దశాబ్దాలుగా ఆడవాళ్ళ నోరు మూయించిన ప్రశ్న ఇదేనని. పిల్లల కోసం, ఇంటి కోసం, ఉద్యమం కోసం నీదొక్కటీ వదులుకోలేవా?

చిన్నమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తకుండానే చెప్పింది.

"జీతం అడుగు. వాళ్ళు ఇయ్యకపోయినా గది నేను తీస్తాలే, పిల్లోళ్ళు వస్తారు గదా. కానీ ఆ మాట మాత్రం వాళ్ళకు రాసియ్యబాక."

ఎన్ని సిద్ధాంత గ్రంథాలు చదివినా నాకు ఇంత స్పష్టత రాలేదు. ఆమె తన ఇష్టంతో చేసేది ఆమెది. దాన్ని ఇంకొకళ్ళ పట్టికలో జమ వేసే హక్కు నాకు లేదు. నేను 'సంస్థ వాటా'లోంచి ఆ 93,600 తీసేశాను. మొదటి వరసలోకి 'గ్రంథాలయ నిర్వాహకురాలి జీతం, నెలకు 8,000' అని చేర్చాను. సంస్థ వాటా దగ్గర గది అద్దె విలువా కరెంటూ మాత్రం వేశాను. 'లబ్ధిదారులు' అన్న చోట 'పాఠకులు' అని మార్చాను.

విశ్వవిద్యాలయాల్లో వుండే మనలాంటి వాళ్ళని ఊళ్ళ నుంచీ సంఘాల నుంచీ దరఖాస్తులు రాసిపెట్టమని అడుగుతుంటారు. మనకు ఇంగ్లీషు వస్తుంది, పట్టికలు నింపడం వస్తుంది. అందుకని ఏ గడిలో ఎవరు పడతారన్నది చాలాసార్లు మన చేతిలోనే వుంటుంది. 'స్వచ్ఛందం' అని రాసేముందు ఆ మనిషిని ఒక మాట అడుగుదాం. జీతం గీతను మనంతట మనమే కొట్టేయకుండా, కొట్టేసే పని నిధి ఇచ్చేవాళ్ళకే వదిలేద్దాం. ఊరి పంచాయతీ వసూలు చేసిన గ్రంథాలయ సెస్సు ఎంత, జమ చేసింది ఎంత అని సమాచార హక్కు కింద అడుగుదాం. మా ఊరి గురించి నేను అడిగాను. జవాబు కోసం చూస్తున్నాను.

దరఖాస్తు సెప్టెంబరులో తిరిగి వచ్చింది. పుస్తకాలు, రాకులు, బల్లలు, ఫ్యాన్లు ఇస్తామన్నారు. కంప్యూటరు వచ్చే ఏడాది చూద్దామన్నారు. జీతం గీత మీద ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, సవరించిన బడ్జెట్ మీద సంతకం పెట్టి పంపమన్నారు. నేను తీసుకెళ్ళి చూపించాను. వద్దంటుందేమో అనుకున్నాను, అనలేదు. ఎర్ర గీతను చదివింది. కలం అడిగి తీసుకుని, ఆ గీత పక్కన వున్న కొద్ది జాగాలో గుండ్రటి అక్షరాలతో తెలుగులో రాసింది, 'ఈ పనికి జీతం అడిగినాము. ఇవ్వలేదు.' దాని కింద సంతకం పెట్టి, తేదీ వేసింది.

అది అలాగే పంపాను. రాకులు వచ్చాయి. చిన్నమ్మ రాసిన కాగితం నకలు ఒకటి గదిలో రిజిస్టరుకు అంటించి వుంది. వచ్చే ఏడాది దరఖాస్తులో అదే గీతతో మొదలుపెడతాం.